హాలు కట్టారు సరే, తాళం ఎవరి దగ్గరుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

కిందటి వారం మీ జిల్లా పేజీలో తాళం వేసిన ఓ కమ్యూనిటీ హాలు ఫొటో వేశారు. గుమ్మం ముందు పిచ్చిమొక్కలు, ఊడి వేలాడుతున్న కిటికీ రెక్క. శిలాఫలకం మాత్రం నిన్న పెట్టినట్టు మెరుస్తోంది. కింద ‘నిధులు లేక నిరుపయోగం’ అని రాశారు. ఆ మాట దగ్గరే నాకు పేచీ. నిధులు వచ్చాయి కాబట్టే ఆ హాలు లేచింది. ఆ తర్వాత కరెంటు బిల్లు ఎవరు కడతారు, దొడ్డి ఎవరు కడుగుతారు, తాళం ఎవరింట్లో ఉంటుంది అని ఎవరూ అడగలేదు. మా ఊరి సంగతి చెబితే నా మాట అర్థమవుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైతే కత్తిరించుకోండి, గరిటెల సంగతి మాత్రం ఉంచండి.

నేను ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువగా గుంటూరు–తెనాలి, తెనాలి–విజయవాడ సర్వీసులే. మాది దుగ్గిరాల వైపు కాలువ పక్కన ఓ చిన్న ఊరు. మూడొందల గడప ఉండదు. వరి, పసుపు, కంద, కొంచెం అరటి. ఊరికి రామాలయం ఉంది, చర్చి ఉంది, రావిచెట్టు కింద అరుగు ఉంది. అందరూ కలిసి కూర్చోవడానికి పైన కప్పున్న చోటే లేదు. పెళ్లంటే తెనాలి వెళ్లి కల్యాణమండపం మాట్లాడుకోవాలి. ఎవరైనా పోతే పదకొండో రోజు భోజనాలకి రోడ్డు మీదే టెంటు. మా పెద్దక్క దినం రోజున భోజనాలు రెండో బంతిలో ఉండగా వాన దంచింది. విస్తళ్లు ఎత్తుకుని జనం చూరుల కిందికి పరిగెత్తారు. సాంబారు గుండిగలో వాన నీళ్లు. ఆ సాయంత్రం అరుగు మీద మొదటిసారి హాలు మాట వచ్చింది.

డబ్బు గురించి కాదు, చోటు గురించి ఎనిమిది నెలలు తగువు పడ్డాం. రామాలయం పక్కన ఖాళీ ఉంది, అక్కడ కడదామని పెద్దవాళ్లు అన్నారు. ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన కుర్రాడొకడు లేచి, “అక్కడ కడితే మేం భోజనానికి వస్తాం గానీ కూర్చోడానికి రాం బాబాయ్” అన్నాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఊరందరిదీ అనే మాట నోటితో అనడం తేలికే. చివరికి ఊరికీ ఎస్సీ కాలనీకీ మధ్యలో ఉన్న నాలుగు సెంట్లు ఒక పెద్దావిడ ఇచ్చింది. పిల్లలు హైదరాబాదులో ఉంటారు, ఆవిడ ఒక్కతే ఉంటుంది. “నేను పోయాక ఈ స్థలం కోసం కొట్టుకునేవాళ్లే, ముందే ఇచ్చేస్తే పోతుంది” అంది. ఆ స్థలం అక్కడ లేకపోతే మా హాలు ఇంకోలా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత దానపత్రం ఎవరి పేరున రాయించాలన్న గొడవ. మనిషి పేరున పెడితే రేపు వారసులొస్తారు. పంచాయతీకిస్తే ఏదో ఒక ఆఫీసు తెచ్చి అందులో పెడతారని కొందరికి భయం. దుగ్గిరాల స్టాంపు వెండరు ఒకాయన మాకు దారి చూపించాడు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు చేరితే సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చు. ఏటా జనరల్ బాడీ పెట్టి కొత్త కమిటీ లిస్టు రిజిస్ట్రారుకి ఇవ్వాలి. మేం ఏడుగురితో ఆగకుండా పదకొండుమందిని పెట్టుకున్నాం. వీధికొకరు, కాలనీ నుంచి ఇద్దరు, మొత్తంలో ఆడవాళ్లు ఐదుగురికి తగ్గకూడదని బైలాలో రాయించాం. ఆ చివరి ముక్క రాయించింది డ్వాక్రా గ్రూపు వాళ్లు. మొదట్లో నాకు అది ఎక్కువనిపించింది. ఇప్పుడు హాలు నడుస్తోందంటే వాళ్ల వల్లే.

చందాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అన్ని ఊళ్లలో జరిగేదే. పసుపు రైతులు తలా కొంత పసుపు ఇస్తే దుగ్గిరాల యార్డులో అమ్మి జమ వేశాం. తాపీ మేస్త్రీలు కొన్నాళ్లు కూలి వదులుకున్నారు. అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు స్లాబుకి పంపారు. వాళ్లలో ఒకరు గేటు మీద వాళ్ల నాన్న పేరు ఉండాలన్నారు. అడగడం తప్పు కాదు. కానీ ఒకరి పేరు ఎక్కితే రెండోవాళ్ల పేరెందుకు లేదంటారు. గోడ మీద ఎవరి పేరూ వద్దు, ఇచ్చిన వాళ్లందరి పేర్లూ అక్షరక్రమంలో ఓ పుస్తకంలో రాసి హాల్లో పెడదాం, ఎంతిచ్చారో రాయొద్దు అనుకున్నాం. ఆయన చందా వెనక్కి తీసుకున్నాడు. స్లాబు ఆర్నెల్లు వెనకపడింది.

మాది నల్లరేగడి నేల. పునాది లోతుగా తియ్యకపోతే గోడలు నెర్రెలిచ్చేస్తాయి. లోతు తీసి ఇసుక నింపి, మట్టం రోడ్డు కంటే మూడడుగులు లేపాం. డబ్బు మట్టిలో పోస్తున్నారని చాలామంది విసుక్కున్నారు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలినప్పుడు కొల్లిపర వైపు లంక ఊళ్లలో ఇళ్లు మునిగాయి. మా ఊళ్లో బంధువులున్న నలభైమంది గొడ్లని కట్ట మీద కట్టేసి వచ్చి మా హాల్లో పడుకున్నారు. నాలుగు రోజులు రెండు పూటలా అక్కడే వంట. ఆ తర్వాత మట్టిలో పోసిన డబ్బు గురించి ఎవరూ నోరెత్తలేదు.

కట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. తాళం మొదట సొసైటీ ప్రెసిడెంటు దగ్గర ఉండేది. ప్రెసిడెంటు ఊళ్లో లేకపోతే హాలు కూడా ఊళ్లో లేనట్టే. మూడు నెలల తర్వాత తాళం హాలుకి ఎదురుగా ఇడ్లీలు వేసే అత్తకిచ్చాం. ఆవిడ తెల్లారుజామున నాలుగింటికి లేస్తుంది, రాత్రి తొమ్మిది దాకా అరుగు మీదే ఉంటుంది. ఎవరు ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు అని పుస్తకంలో సంతకం పెట్టించుకుంటుంది. ఆవిడకి చదువు రాదు, కానీ ఎవరి సంతకం ఏదో గుర్తుపడుతుంది.

లెక్కలు నాకు అప్పగించారు. మా ఉద్యోగంలో స్టేజీ దాటేలోగా టికెట్ నంబర్లు ఎస్.ఆర్. అనే లెక్కల కాగితంలో ఎక్కించి క్లోజ్ చెయ్యాలి. చెయ్యకపోతే చెకింగ్ వాళ్లెక్కినప్పుడు డబ్బు సంచిలోనే ఉన్నా కేసే. హాలుకీ అదే పద్ధతి పెట్టాను. డబ్బు చేతిలో పడ్డ రోజే రాయాలి, రాసిన కాగితం నెలాఖరున హాలు గోడకి అంటించాలి. ఊళ్లో పెళ్లికి 3,000 రూపాయలు, బయటి ఊరి వాళ్లకి 8,000. దినాలకీ సంతాపసభలకీ అద్దె లేదు. కరెంటు మాత్రం ఎవరైనా సరే, తాళం తీసుకునేటప్పుడొకసారి, ఇచ్చేటప్పుడొకసారి మీటరు రీడింగు రాసి, కాలినంత కట్టాలి. ఇంత కబుర్లు చెప్పే నేనే ఒక నెల బర్త్‌డే ఫంక్షన్ తాలూకు 500 రాయడం మర్చిపోయాను. గోడ మీద కాగితం అంటించిన మర్నాడు ఇడ్లీల అత్త, “ఏం అల్లుడూ, గురువారం కేకు కోశారుగా, అది ఏ టికెట్లో పడింది?” అని పదిమందిలో అడిగేసింది. సర్వీసులో ఒక్క కేసు లేదు నా మీద. ఊళ్లో పడింది.

ఇక గరిటెలు. డ్వాక్రా గ్రూపు వాళ్లు గుండిగలు, డేగిసాలు, స్టీలు పళ్లాలు, గ్లాసులు, పెద్ద గరిటెలు, జల్లి గరిటెలు కొని హాలుకి పెట్టారు. టెంట్ హౌస్ అద్దె మిగులుతుంది కాబట్టి హాలు కంటే ఎక్కువ తిరిగేది సామానే. మొదటి ఏడు ప్రతి ఫంక్షన్‌కీ గరిటెలు తగ్గిపోయేవి. ఎవరూ దొంగతనం చెయ్యరు. ఎంగిలాకులతో పాటు చెత్తబండిలోకి పోతాయి, లేకపోతే మిగిలిన కూర పంచేటప్పుడు ఏదో ఇంటికి పోయి అక్కడే ఉండిపోతాయి. ఆడవాళ్లు ప్రతి గరిటె కాడకీ ఎర్ర పెయింటు పూసి, ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ లెక్కపెట్టడం మొదలెట్టారు. పోయిందాని ఖరీదు పట్టుకునే అడ్వాన్సు తిరిగిస్తారు. సర్పంచి గారింట్లో పెళ్లికి రెండు గరిటెలు తగ్గాయి. ‘ఆయన దగ్గర కూడానా’ అని మగవాళ్లం నసిగాం. వాళ్లు పట్టుకున్నారు. ఆయన కిక్కురుమనకుండా కట్టాడు. ఆ తర్వాత గరిటెలు పోవడం చాలా తగ్గింది.

మరుగుదొడ్డి కథ అంత బాగా లేదు. తలా ఒక వారం కడుగుదాం అనుకున్నాం. రెండు వారాల తర్వాత ఎవరూ రాలేదు. మూడో నెలకి కంపు. చివరికి అద్దెలోంచి నెలనెలా జీతమిచ్చి మనిషిని పెట్టాం. ఇక్కడ కూడా కాలనీ వాళ్లనే పిలవబోతే వాళ్లు ముందే వద్దన్నారు, సబబే. పక్కవీధి ఆవిడ ఒప్పుకుంది. తెచ్చిన కుట్టు మిషన్లు రెండు కూడా వాడేవాళ్లు లేక దుప్పటి కప్పుకుని కూర్చున్నాయి. అన్నీ నడుస్తున్నాయని చెబితే అబద్ధం అవుతుంది.

పార్టీ మీటింగులు లోపల పెట్టకూడదు, గోడలకి తెల్ల సున్నమే వెయ్యాలి అని కూడా రాసుకున్నాం. పంచాయతీ భవనాలకి పార్టీ రంగుల తగువు 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి మీ పేపర్లోనే చదివాం. ఒకసారి రెండు వైపుల వాళ్లూ ఒకే రోజు ఫ్లెక్సీలు కట్టారు. రెండూ ఇడ్లీల అత్త విప్పించి పొయ్యి దగ్గర ఎండ అడ్డానికి కట్టుకుంది.

మా ప్రాంతానికి ఇదేం కొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. పెదపాలెం సేవాశ్రమం తరఫున పాతూరి నాగభూషణం గారు 1935లో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ఒడ్డుకి వచ్చేసరికి పిల్లలు గట్టు మీద ఉండేవాళ్లని మా తాత చెప్పేవాడు. పుస్తకాలు కొనడం కంటే ఆ పడవని రోజూ తిప్పడమే కష్టమై ఉంటుందని నా కండక్టరు బుర్రకి తోస్తుంది. మా హాల్లోనూ ఓ అలమరా నిండా పుస్తకాలున్నాయి. ఎక్కువగా చదివేది మీ పేపరే. ఎనిమిది దాటితే జిల్లా పేజీ దొరకదు.

ఇప్పుడు అసలు సంగతి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకి 29 అంశాలు రాశారు. అన్నిటికంటే కింద, 29వది, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ. ఎంపీ నిధులతో ఏదైనా కట్టేటప్పుడు దాన్ని ఎవరు నడుపుతారో, బాగోగులు ఎవరు చూస్తారో వాళ్ల దగ్గర ముందే గట్టి మాట తీసుకోవాలని ఆ పథకం మార్గదర్శకాల్లోనే ఉంది. అంటే రాత లేక కాదు. శంకుస్థాపన రోజున ఆ కాగితం మీద సంతకం పెట్టిందెవరో చూపించమని అడిగేవాళ్లు లేరు. మీ విలేకరులు ప్రారంభోత్సవం ఫొటో వేసే రోజున ఆ రెండు పేర్లు కూడా వెయ్యండి: తాళం ఎవరి దగ్గర, కరెంటు బిల్లు ఎవరు కడతారు. ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి అదే మనిషిని అడగండి. కొత్త హాలు కావాలని అర్జీ పెట్టే ఊళ్లనీ కలెక్టరేటులో ముందు ఇదే అడిగితే సగం అర్జీలు అక్కడే ఆగిపోతాయి. ఆగిపోనివ్వండి.

మా స్లాబుకి ఉత్తరం మూల చెమ్మ దిగుతోంది. వానలు ముదిరేలోగా పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, ఖాతాలో ఉన్నది సగానికే సరిపోతుంది. ఆదివారం జనరల్ బాడీ. మీ విలేకరి వస్తానంటే పొద్దున ఏడింటికి రమ్మనండి, ఇడ్లీలు వేడిగా ఉంటాయి. తాళం కూడా అక్కడే ఉంటుంది.

ఇట్లు,
ఓ రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా