మొండి తాటి మీది పాలపిట్ట

పాఠశాల వార్తాలేఖ, ఏప్రిల్ సంచిక
ప్రధానోపాధ్యాయుడి ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం పెట్టిన సమావేశానికి మీలో సగం మంది కూడా రాలేదు. తప్పు పట్టడం లేదు. ఈ రోజుల్లో కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్పను వదిలి ఎవరొస్తారు? తేమ 17 శాతానికి దిగాలి, సంచులు రావాలి, లారీ రావాలి, అప్పటిదాకా మబ్బు పట్టకుండా ఉండాలి. అందుకే అక్కడ చెబుదామనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. కుప్ప దగ్గర కాపలా కూర్చున్నప్పుడు చదువుకోండి.

ముందు బడి సంగతులు. ప్రగతి పత్రాలు 23న ఇస్తాం. బడి మళ్లీ జూన్ 12న తెరుస్తాం. పదో తరగతి ఫలితాల గురించి రోజూ ఫోన్ చేస్తున్న వాళ్లకు ఒక మాట: మీకు తెలిసిన రోజే నాకూ తెలుస్తుంది, ముందు తెలిసే దారి ఏదీ లేదు. లైబ్రరీ పుస్తకాలు ఇంట్లో ఉంటే పిల్లలతో పంపండి, అట్ట చిరిగినా సరే.

ఇక అసలు విషయం. ధరిత్రీ దినోత్సవం వస్తోంది కదా అని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వ్యాసం రాయమని ఇచ్చాం. అంశం 'పర్యావరణ సమస్యలు - నా వంతు'. ఒక సాయంత్రం కాగితాల కట్ట ముందేసుకుని కూర్చున్నాను. దాదాపు అన్నీ ఒక్కటే పాట. మొక్కలు నాటుదాం, ప్లాస్టిక్ వద్దు, వృక్షో రక్షతి రక్షితః. ఒకడు 'ఓజోన్ పోర' అని రాస్తే వెనక బెంచీ వరకూ అందరిదీ 'పోర' అయింది. పిల్లలను అని లాభం లేదు. ఆ మాటలన్నీ ఏటా నల్లబల్ల మీద రాయించింది మేమే.

కట్టలో అడుగున తొమ్మిదో తరగతి అమ్మాయి రాసిన నాలుగు పేజీలు దొరికాయి. ఆ పిల్లనూ, వాళ్ల నాన్ననూ అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే ఇక్కడ కొంత ఇస్తున్నాను. పేరు రాయను. ఎవరా అని మీరూ వెతకొద్దు. ఆ వారం మన ఊళ్లో కోసిన పొలాల గడ్డికి అగ్గి పెట్టింది ఒక్కరు కాదు.

వ్యాసం ఇలా మొదలైంది. భాష దిద్దలేదు, దిద్దితే పాడవుతుందనిపించింది.

"మా నాన్న మొన్న పొలంల గడ్డికి అగ్గి పెట్టిండు. పెడతడని నాకు ముందే తెలుసు. అందుకే ఇంట్ల అగ్గిపెట్టె తీసి నా బడిసంచిల దాచిన. నాన్న వెతికిండు, ఏమనలే. పక్క పొలం తాత దగ్గర బీడీ అగ్గి తీసుకున్నడు."

ఇక్కడిదాకా చదివి నవ్వుకున్నాను. తర్వాతి పేరాకు నవ్వు ఆగింది.

"మా గెట్టు మీద మొండి తాటిచెట్టు ఉన్నది. దానికి తల లేదు. తొర్రల పాలపిట్ట ఉంటది. దసరా నాడు నాన్న నన్ను బండి మీద కూసోబెట్టుకొని పాలపిట్టను చూడనీకి ఊరవతలికి తీస్కపోతడు. కనబడితే దండం పెడతం, మంచి జరుగుతదంటడు. యాసంగి కోసినంక అదే పిట్ట ఇంటి కింద అగ్గి పెడతం. నాన్నను అడిగిన. ఇది అది కాదులే బిడ్డా అన్నడు."

నేను ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. పాలపిట్ట మన తెలంగాణ రాష్ట్ర పక్షి అని 2014 నుంచి ప్రతి తరగతిలో చెబుతున్నాను, పరీక్షలో ఒక మార్కు ప్రశ్న కూడా ఇస్తున్నాను. ఆ పిట్ట ఎండిన తాటి మొండేల తొర్రల్లో గుడ్లు పెడుతుందనీ తెలుసు, అది సరిగ్గా ఈ ఎండాకాలంలోనే అనీ తెలుసు. మన యాసంగి కోతలు కూడా ఇప్పుడే అన్న సంగతి మాత్రం ఆ పిల్ల రాసేదాకా నాకు తట్టలేదు.

మంట దగ్గర పాలపిట్టలు తిరగడం మీరూ చూసే ఉంటారు. పొగకు లేచిన మిడతలనూ పురుగులనూ పట్టుకోవడానికి అవి నిజంగానే వస్తాయి. కొంగలూ, తోక చీలిన నల్లపిట్టలూ అంతే. చూసిన వాళ్లకు పక్షులకు ఇది పండుగలా కనిపిస్తుంది. తొర్రలో పిల్లలున్న జంట ఏం చేస్తుందో మనం నిలబడి చూడం కదా.

తల ఉన్న తాటిచెట్ల కథ ఇంకోటి. వేపకొమ్మ నరికితే పక్క నుంచి మళ్లీ చిగురేస్తుంది. తాటికి, ఈతకు ఆ సౌకర్యం లేదు. చెట్టు మొత్తానికీ పెరిగే మొగ్గ ఒక్కటే, అది తలలో ఉంటుంది. కింద మట్టలకు అంటుకున్న మంట పైకి పాకి ఆ మొగ్గను తాకిందంటే చెట్టు పోయినట్టే. ఒక తాటిచెట్టు కల్లుకు రావడానికి పది పదిహేనేళ్లు పైనే పడుతుంది. మన బడిలో గీత కార్మికుల పిల్లలున్నారు. ఆ చెట్టు పొలం గలాయన గెట్టు మీద ఉన్నా, దాని మీద ఆధారపడ్డ ఇల్లు వేరే.

ఇదంతా రైతుల మీద నేరం మోపడానికి రాస్తున్నాననుకోకండి. మా నాయినకు రెండు జతల ఎడ్లుండేవి. కూలీలు కొడవలితో మొదలంటా కోసేవాళ్లు, కల్లంలో తొక్కించేవాళ్లు, గడ్డి ఒక్క పరక కూడా పొలంలో మిగిలేది కాదు. గడ్డివాము ఎంత పెద్దదైతే ఇంటికి అంత పరువు. ఇప్పుడు ఎడ్లు లేవు, కోత మిషన్ జానెడు ఎత్తున కోసి, మిగతా గడ్డిని వెనక వరుసగా పారేసి పోతుంది. అది అట్లా ఉంటే నాగలి దిగదు, రోటవేటర్‌కు చుట్టుకుంటుంది, కరిగెట దున్నేటప్పుడు నీళ్ల మీద తేలుతుంది. గీసిన ఒక్క పుల్లతో అర్ధగంటలో పొలం శుభ్రం. ఈ లెక్క నాకు తెలియక కాదు.

కానీ ఒక మాట ఒప్పుకోలేను. పంజాబ్‌లో వరి కోసి గోధుమ వేయడానికి చేతిలో రెండు మూడు వారాలే ఉంటాయి, అక్కడి తొందర వేరు. మనకు వానాకాలం పంట తర్వాత, డిసెంబర్‌లో, తొందర ఉందంటే వింటాను. ఏప్రిల్‌లో కోసిన పొలంలో మళ్లీ నీళ్లు పారేది జూన్ చివరకో జూలైకో. ఈ యాసంగి గడ్డిని కాల్చడానికి 'టైం లేదు' అనేది కారణం కాదు. అలవాటు.

ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక లెక్క చేయించాను. ఎకరాకు తక్కువలో తక్కువ రెండు టన్నుల గడ్డి వస్తుందనుకుందాం. టన్ను గడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని ఉంటుంది, కాలిస్తే దాదాపు అంతా గాలిలో పోతుంది. అంటే ఎకరాకు 11 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి 24 కిలోల యూరియా, 45 కిలోల సంచిలో సగానికి కొంచెం ఎక్కువ. 'బూడిద కూడా ఎరువే కదా సార్' అని ఒకడు లేచాడు. వాడు చెప్పింది కొంత నిజమే. పొటాష్‌లో ఎక్కువ భాగం బూడిదలో మిగులుతుంది, గాలికి కొట్టుకుపోకపోతే. డబ్బుగా చూస్తే పోయేది నూట నలభై రూపాయల చిల్లర. అందుకే ఎరువు నష్టం గురించి చెబితే మీలో ఎవరికీ చెవికెక్కదు. కానీ 2025 వానాకాలంలో అదే యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టి నిలబడ్డ రోజులు మాత్రం మీరెవరూ మరిచిపోయి ఉండరు.

పొగ లెక్క కూడా చేశారు. టన్ను గడ్డి కాలితే మూడు కిలోల దాకా సన్నటి మసి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ గాలిలో కలుస్తాయని అంచనా. ఎకరాకు ఆరు కిలోల మసి. ఒంటిపూట బడి పన్నెండున్నరకు వదులుతాం. పిల్లలు ఇంటికి నడిచేది ఆ మసిలోంచే. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకొచ్చే పిల్లలు మన బడిలో ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలకు ఈ పేరా అక్కర్లేదు.

ఇప్పుడు నాకు ఇబ్బందైన సంగతి. అదే అమ్మాయి మూడో పేజీలో ఇట్లా రాసింది:

"మా బడి వెనక కూడ రోజు పొద్దుగాల కాలుస్తరు. ఆకులు, కాయితాలు, చిప్స్ కవర్లు. సార్లు చూస్తరు."

'సార్లు' అన్నది మర్యాదకు రాసింది. పెద్ద సారును నేనే. ఆ మంట నా గది కిటికీలోంచి కనిపిస్తుంది, పొగ వస్తే కిటికీ మూసుకుంటాను తప్ప ఏనాడూ ఆపలేదు. ఆ వ్యాసానికి మొదటి బహుమతి ఇచ్చి, మంట అట్లాగే కొనసాగిస్తే పిల్లల ముఖం ఎట్లా చూడాలి? పోయిన వారం ప్రహరీ పక్కన గుంత తవ్వించాం. ఆకులు అందులో పడుతున్నాయి, రెండు మూడు రోజులకోసారి పైన మట్టి, కొంచెం పేడనీళ్లు. ఊడ్చే అక్క మాత్రం సంతోషంగా లేదు. 'వేపాకు రాలే కాలం సార్, మీ గుంత మూడు రోజులకే నిండుతది' అంది. నిండింది కూడా. రెండోది తవ్వాలి. కవర్లను వేరే గోనెసంచిలో వేస్తున్నాం, పంచాయతీ ట్రాక్టర్ తీసుకుపోతుంది. అక్కడికి పోయాక వాటి గతి ఏమిటన్నది నేను చూసి వచ్చి ఇంకో నెల రాస్తాను.

'నా వంతు' అన్న ప్రశ్నకు మిగతా పిల్లలందరూ 'నేను మొక్క నాటుతాను' అని రాశారు. ఈ పిల్ల ఏం రాసిందో చూడండి.

"గడ్డి కట్టలు కట్టే మిషన్ ఆయన నంబరు మా మామ దగ్గర తీసుకున్న. ఫోన్ చేసిన. ఒక్క ఎకరానికి రానన్నడు. పక్కపక్కన పది ఎకరాలు ఉంటే వస్తడట. నాన్నకు చెప్పిన. నాన్న మంచిదే అన్నడు కానీ పక్కోళ్లను నేనెట్ల అడగాలె అన్నడు. తాతకు నేనే చెప్త అన్న. అప్పటికే తాత పొలం కాలింది."

ఈ నాలుగు ముక్కల్లో ఉన్నంత సంగతి నా ముప్పై ఏళ్ల ఉపన్యాసాల్లో లేదు. బేలర్, అంటే ఆ కట్టలు కట్టే మిషన్, ఒక్క మడికి రాదు. పక్క పొలం మంట మన గెట్టు దగ్గర ఆగదు, మనం కాల్చకపోయినా మన గడ్డి అంటుకుంటుంది. కాబట్టి ఇక్కడ ఒక్క మనిషి చేయగలిగింది పక్కవాళ్లతో మాట్లాడటం. అదే కష్టం. గెట్టు తగాదాలున్న చోట మరీ కష్టం, అదీ నాకు తెలుసు.

జరిమానాలతో బెదిరించే ఉద్దేశం లేదు. ఢిల్లీ చుట్టుపక్కల 2024లో వాటిని రెట్టింపు చేశారు, పొగ పూర్తిగా ఆగింది లేదు. కోత ఇంకా కాని వాళ్లను అడిగేది ఇదొక్కటే: మిషన్ మాట్లాడుకునేటప్పుడే గెట్టు పక్క ఇద్దరు ముగ్గురితో గడ్డి సంగతి కూడా తేల్చుకోండి. పాడి ఉన్న వాళ్లు మన ఊళ్లో తక్కువే కానీ, గడ్డి కొనుక్కుపోయే వాళ్లు చుట్టుపక్కల ఉన్నారు. బేలర్ వాళ్ల నంబర్లు బడి ఆఫీసు గోడకు అంటించాం. ఎవరూ కొనకపోతే గడ్డిని అట్లాగే పరిచి ఉంచండి. తొలకరి పడ్డాక, ఎకరాకు ఒక సంచి సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నితే మురుగుతుందని వ్యవసాయ అధికారులు చెబుతారు. దున్నిన వెంటనే నాటు వేయకుండా రెండు వారాలైనా ఆగాలి, లేకపోతే మురిగే గడ్డి నారుకు అందాల్సిన నత్రజనిని తానే లాక్కుంటుంది, నాటు పసుపు పచ్చగా నిలబడుతుంది. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ చేసిన గడ్డి కుళ్లించే మందు గురించి కొందరు అడిగారు. దానికి తడి కావాలి. కాలువ ఆగిపోయి, భూమి నెర్రెలిచ్చిన ఈ ఎండల్లో చల్లితే డబ్బు దండగ.

ఇంత చెప్పినా కొందరు కాలుస్తారు. వాళ్లకు, కాల్చమని కాదు గానీ, గెట్ల వెంట రెండు మూడు సాళ్లు దున్ని గడ్డిని లోపలికి లాగండి. చెట్ల కింద అసలే వద్దు. ముసలివాళ్లను ఒంటరిగా మంట దగ్గరికి పంపకండి. గాలి తిరిగి పొగలో చిక్కుకుని పెద్దవాళ్లు చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. పిల్లలను మాత్రం ఏ కారణంతోనూ తీసుకుపోకండి.

నిన్న బడి వదిలాక ఆ అమ్మాయి, ఇంకో ముగ్గురు నా వెంట వచ్చి ఆ చెట్టు చూపించారు. మొండెం నడుముదాకా నల్లబడింది, పైన అట్లాగే ఉంది. పిట్ట కొంచెం దూరంలో కరెంటు తీగ మీద కూర్చుని ఉంది. ఎగిరినప్పుడు ఆ నీలం కనిపించింది. తొర్రలో ఏమైనా మిగిలిందా అని ఒకడు ఎక్కబోతే కిందికి దింపాను. అగ్గిపెట్టె ఏమైందని అడిగితే సంచిలోంచి తీసి చూపించింది. ఇంట్లో దీపం పెట్టడానికి వాళ్లమ్మ కొత్తది కొనుక్కుందట.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు