చుక్కల మందు వేళ మా వెంట ఉన్నవాళ్లందరికీ

మా చిన్నోడి అలర్జీల సంగతి ఈ కాలనీలో తెలియనివాళ్లు లేరు. పొద్దున్నే వాడి తుమ్ములు కింది ఫ్లోర్ దాకా వినబడేవి. ఈ చలికాలం మాత్రం రాత్రుళ్లు ముక్కుతోనే గాలి పీల్చుకుంటూ హాయిగా పడుకున్నాడు. ఇన్‌హేలర్ పూర్తిగా మానలేదు గానీ దాని అవసరం బాగా తగ్గింది. వాడికి పడనిదాని సారాన్నే కొద్దికొద్దిగా నాలుక కింద వేసి ఒంటికి అలవాటు చేసే చుక్కల మందు వాడుతున్నాం. ఈ మార్పు వెనక ఉన్నవాళ్లకు నలుగురిలో థ్యాంక్స్ చెప్పుకోవాలనిపించింది.

ముందుగా మా అలర్జీ డాక్టర్‌గారికి. చర్మం మీద చుక్కలు వేసి సన్నగా గుచ్చే పరీక్ష చేస్తే డస్ట్ మైట్స్ (ఇంటి దుమ్ములో, పరుపుల్లో ఉండే కంటికి కనబడని పురుగులు), బొద్దింక, సర్కారు తుమ్మ పుప్పొడి, వయ్యారిభామ అన్నిటికీ వాడి చేతి మీద దద్దుర్లు లేచాయి. అన్నిటికీ కలిపి ఒకే సీసాలో చుక్కల మందు ఇచ్చేయమని మా ఆయన అడిగారు. ఆవిడ ఒప్పుకోలేదు. "దద్దు వచ్చిన ప్రతిదీ వీడిని బాధపెడుతోందని కాదమ్మా. ఏడాది పొడుగునా ముక్కు కారుతోందంటే ముందు డస్ట్ మైట్స్ సంగతి చూద్దాం" అన్నారు. అన్నీ కలిపితే ఒక్కోదాని మోతాదు పలచబడుతుందని, పైగా బొద్దింక సారంలోని ఎంజైములు పుప్పొడి సారాన్ని పాడుచేస్తాయని ఓపిగ్గా వివరించారు. ఆస్తమా అదుపులోకి వచ్చేదాకా చుక్కలు మొదలుపెట్టనే లేదు. కనీసం 3 ఏళ్లు వాడాలి, 5 ఏళ్లైనా పట్టొచ్చు, తేడా తెలియడానికే కొన్ని నెలలు ఆగాలి, అందరికీ ఒకేలా పనిచేయదు అని మొదటి రోజే చెప్పేశారు. అప్పటిదాకా తేనె నుంచి మృగశిర కార్తె చేప మందు దాకా ఏది చెప్పినవాళ్లైనా గ్యారంటీ ఇచ్చినవాళ్లే. గ్యారంటీ ఇవ్వని మనిషి ఆవిడొక్కరే. అందుకే నమ్మాం.

తర్వాత ఆ క్లినిక్‌లో సిస్టర్‌కి. మొదటి డోసు వాళ్ల ఎదురుగానే వేసి అరగంట కూర్చోబెడతారు. చుక్కలు నాలుక కింద 2 నిమిషాలు ఉంచి అప్పుడు మింగాలి. మా వాడు నోరు మూసుకుని 2 నిమిషాలు ఉండటమా! సిస్టర్ వాడితో పందెం వేసింది, ముందు మాట్లాడినవాళ్లు ఓడినట్టు. ఇద్దరూ గుడ్లురుముకుంటూ కూర్చున్నారు. వాడే గెలిచాడు. ఇప్పుడు ఇంట్లో ఆ పందెం తాతయ్యతో. ఆయన రోజూ ఓడిపోతారు, పాపం కావాలనే.

మొదట్లో నోట్లో దురద, పెదవులు చిమచిమ అంటే నాకు ఒకటే టెన్షన్. ఫోన్ చేస్తే సిస్టర్ ముందు ఊపిరి ఎలా ఉందో, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు ఉన్నాయేమో అడిగి, అవేవీ లేవని తేల్చుకున్నాకే ధైర్యం చెప్పేది. పాలపన్ను ఊడినా, నోట్లో పుండు ఉన్నా చుక్కలు ఆపి తమను అడగాలని గుర్తుచేసింది కూడా ఆ అమ్మాయే.

ఇంట్లో సగం వైద్యం మా అత్తయ్యది. వాడి దుప్పట్లు, దిండు గలీబులు వారం వారం బాగా వేడి నీళ్లలో ఉతికిస్తారు. ఆవిడకు ఎంతో ఇష్టమైన పాత దూది బొంతను కూడా వాడి గదిలోంచి తీసేశారు. కరెంటు పోయిందంటే ముందు చుక్కల సీసా ఉన్న ఫ్రిజ్ దగ్గరికే వెళ్తారు, ఎవరూ తలుపు తీయకుండా కాపలా.

పక్కనున్న ఖాళీ స్థలంలో వయ్యారిభామను పూత రాకముందే గ్లవుజులు, మాస్కులు వేసుకుని పీకేసిన అసోసియేషన్ కుర్రాళ్లకు కూడా థ్యాంక్స్. మా చుక్కల్లో అది లేదు కాబట్టి మీరు చేసింది చిన్న సాయం కాదు. ఎదురు ఫ్లాట్ పిన్నిగారికి మరీ మరీ. వాడికి గుడ్డు పడదు, ఈ చుక్కలు దానికి కావు. తన మనవడి పుట్టినరోజుకు గుడ్డు లేని కేకే చేయించి, వాడిని అందరితోపాటు కూర్చోబెట్టారు.

ఏ చుక్కలు, ఎన్ని వేయాలి అని చాలామంది అడుగుతున్నారు. చెప్పనందుకు ఏమీ అనుకోకండి. అది మా వాడి పరీక్షను, ఒంటి తీరును బట్టి రాసిన మందు. మీ పిల్లలను అలర్జీ చూసే డాక్టర్‌కి చూపించండి. పరీక్షకు ముందు జలుబు, దురద మాత్రలు కొన్ని రోజులు ఆపాల్సి ఉంటుంది, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఏవి ఎప్పుడు ఆపాలో అడిగి పెట్టుకోండి.