జువెనైల్ హోం నుంచి వచ్చాక ఆ పిల్లాణ్ణి చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

మైనర్లు సెల్‌ఫోన్ స్నాచింగ్‌లోనో కత్తిపోట్ల కేసులోనో దొరికారని పేపర్లో రాగానే మా వీధిలో అందరూ అనే మాట ఒకటే, నాలుగు తగిలిస్తే వాళ్లే దారికొస్తారని. ఇరవై ఎనిమిదేళ్లు ఈ నగరంలో సర్కారు బడుల్లో పాఠాలు చెప్పినదాన్ని. భయపెడితే పిల్లలు మారతారన్నది ఒట్టి నమ్మకమే.

దాన్ని అమెరికాలో పరీక్షించి చూశారు కూడా. న్యూజెర్సీలోని రావే జైల్లో 1970లలో దారి తప్పుతున్న పిల్లల్ని లోపలికి తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీలతో అరిపించి, జైలు బతుకంటే ఏమిటో చూపించేవాళ్లు. అందరికీ తెగ నచ్చి చాలాచోట్ల మొదలుపెట్టారు. తర్వాత పరిశోధకులు వెళ్లిన పిల్లల్ని అలాంటివాళ్లే అయిన వెళ్లని పిల్లలతో పోల్చి చూస్తే, జైలు చూసొచ్చినవాళ్లే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. మంచి ఉద్దేశంతో చేసిన పని పిల్లల్ని ఇంకా చెడగొట్టింది! లెక్క తీయకపోతే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

షికాగోలో ఇంకో రకంగా చేశారు. బడిలోనే వారానికోసారి కుర్రాళ్లను గుంపుగా కూర్చోబెడతారు. ఇద్దరిద్దరిని జత చేసి ఒకడి చేతికి బంతి ఇస్తారు, ముప్పై సెకన్లలో దాన్ని తీసుకోవాలని రెండోవాడికి చెబుతారు. ఇక కుస్తీయే, పిడికిలి విప్పడానికి వేళ్లు లాగడం, తోసుకోవడం. అయిపోయాక కౌన్సెలరు అడుగుతాడు, నీకు బంతి ఇవ్వమని వాణ్ణి అడిగావా అని. దాదాపు ఎవరూ అడిగి ఉండరు. అడిగితే ఇచ్చేసేవాణ్ణని బంతి పట్టుకున్నవాడే అంటాడు. కోపం వచ్చిన ఆ ఒక్క నిమిషం ఆగి ఆలోచించడం అక్కడ అలవాటు చేస్తారు. లాటరీ పద్ధతిలో పిల్లల్ని ఎంచి పరీక్షిస్తే, కార్యక్రమం నడిచినంత కాలం హింసాత్మక నేరాల అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయి.

కుటుంబం మొత్తంతో పనిచేసే పద్ధతి కూడా ఉంది, ఒక్కో థెరపిస్టుకు నాలుగు నుంచి ఆరు కుటుంబాలే అప్పగిస్తారు, వాళ్ల ఇళ్లకే వెళ్తాడు. అమెరికాలో బాగా పనిచేసిన ఆ పద్ధతే ఇంగ్లండ్‌లో పెద్ద ఎత్తున పరీక్షిస్తే అక్కడి మామూలు సేవల కన్నా మెరుగని తేలలేదు. అందుకే కాపీ కొట్టమనడం లేదు, ఇక్కడ పెట్టి ఇక్కడే కొలవమంటున్నాను.

మన చట్టంలో లోటేం లేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో గ్రూప్ కౌన్సెలింగ్ ఉంది, కనిపెట్టి ఉండే ఏర్పాటుతో పిల్లాణ్ణి బయటే ఉంచే ప్రొబేషన్ ఉంది, పిల్లాడి ఇల్లూ పరిస్థితులూ చూసి పదిహేను రోజుల్లో రిపోర్టు ఇవ్వాలని ఉంది. కానీ కౌన్సెలింగ్ అంటే మన దగ్గర ఏం జరుగుతోంది? స్టేషన్‌కు తల్లిదండ్రుల్ని పిలిపించి అందరి ముందూ తిట్టి పంపడం.

నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన ఒక పిల్లాడు బైకు దొంగతనం కేసులో కొన్నాళ్లు, కేసుల్లో చిక్కిన పిల్లల్ని ఉంచే జువెనైల్ హోంలో ఉండి వచ్చాడు. తండ్రి సెంట్రింగ్ పని, తల్లి నాలుగిళ్లలో పాచిపని. వచ్చాక ఆ ఇంటి గడప తొక్కిన అధికారి ఒక్కరు లేరు. బళ్లో మళ్లీ కూర్చోబెట్టుకోవడానికి మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, మేమూ గట్టిగా నిలబడలేదు, ఆ తప్పులో నాకూ భాగం ఉంది. వాణ్ణి రమ్మని పిలిచింది అడ్డా మీది స్నేహితులొక్కరే. ఆరు నెలలు తిరక్కుండా మళ్లీ కేసు.

ప్రభుత్వాన్ని అడిగేది ఇది. నగరంలో రెండు బస్తీలు తీసుకుని, హోం నుంచి వచ్చిన ప్రతి పిల్లాడికీ ఒక మనిషిని ఇవ్వండి, ఆ మనిషి మీద పది కుటుంబాలకు మించి భారం పెట్టకండి. ఆ బస్తీ బడుల్లో తెలుగులో, ఉర్దూలో వారానికో గంట కుర్రాళ్లతో కూర్చునే ఏర్పాటు చేయండి. ఉస్మానియా సైకాలజీ విభాగంవాళ్లనో రోడా మిస్త్రీ సోషల్ వర్క్ కాలేజీవాళ్లనో మొదటి రోజు నుంచే లెక్కలు రాయమనండి. ఏడాది తర్వాత ఎంతమంది బడిలో ఉన్నారు, ఎంతమంది మళ్లీ కేసుల్లో ఇరుక్కున్నారు, పక్క బస్తీల్లో ఎంతమంది, ఆ అంకెలు బాగున్నా బాగోకపోయినా, పిల్లల పేర్లు లేకుండా మీ పత్రికలో అచ్చు కావాలి. జూన్‌లో బడులు తెరిచేలోగా మొదలుపెడితే కనీసం వచ్చే బ్యాచ్ పిల్లలకైనా అందుతుంది.

— ఒక రిటైర్డ్ టీచర్, అంబర్‌పేట, హైదరాబాద్