ట్యాంకరు రేటు కట్టారు, లీటర్లు ఎవరు కొలుస్తారు?

సంపాదకులకు,

ఎండలు ముదిరితే చాలు, బెంగళూరులో ట్యాంకరు నీళ్ల రేట్లు వార్తల్లోకి వస్తాయి. ఎంత పెంచారు, ప్రభుత్వం ఏమంటోంది అన్న చర్చే అంతా. ఆ ట్యాంకరులో నిజంగా ఎన్ని లీటర్లు వచ్చాయన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. మహదేవపుర, కె.ఆర్. పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి నెల ఖర్చులో ట్యాంకరు బిల్లు పెద్ద పద్దే. అందుకే ఈ ఉత్తరం.

2024 మార్చిలో నీటి ఎద్దడి తీవ్రంగా ఉన్నప్పుడు బెంగళూరు నగర జిల్లా యంత్రాంగం ప్రైవేటు ట్యాంకర్లకు నాలుగు నెలల పాటు ధరలు కట్టింది. 5 కిలోమీటర్ల లోపైతే 6,000 లీటర్లకు 600 రూపాయలు, 8,000 లీటర్లకు 700, 12,000 లీటర్లకు 1,000. 5 నుంచి 10 కిలోమీటర్ల దూరమైతే 750, 850, 1,200. జీఎస్టీ కూడా అందులోనే. మంచి పనే చేశారు. కానీ ఆ 6,000 అన్నది ట్యాంకు పక్కన పెయింటుతో రాసుకున్న అంకె. 6,000 లీటర్లకు 750 అంటే వెయ్యి లీటర్లు 125 రూపాయలు. వచ్చినవి 5,000 లీటర్లే అయితే అదే వెయ్యి లీటర్లకు 150 కట్టినట్టు. రేటు ఒక్క రూపాయి పెరగకుండానే నూటికి 20 ఎక్కువ కట్టాం!

పెట్రోలు తెచ్చే ట్యాంకరు లారీని చూడండి. దాని కొలత తనిఖీ చేసి ధ్రువపత్రం ఇస్తారు, లోపల ఎంత ఉందో చూడటానికి గుర్తులున్న డిప్ కడ్డీ ఉంటుంది. బంకులో 5 లీటర్ల ముద్ర వేసిన కొలపాత్ర ఉంటుంది, అడిగితే మన ఎదుటే పట్టి చూపించాలి. అమ్మకంలో వాడే తూకానికీ కొలతకూ తనిఖీ ముద్ర ఉండాలని 2009 నాటి తూనికలు కొలతల చట్టం చెబుతోంది. నీళ్లూ లీటర్ల లెక్కనే అమ్ముతున్నారు కదా, వాటికి ఆ కొలత ఎందుకు పట్టలేదు?

ప్రభుత్వం కదిలేదాకా మనం చేయగలిగింది ఉంది. ముందు బండిని కొలవాలి. చాలా ట్యాంకులు వెనక నుంచి చూస్తే కోలగా ఉంటాయి. వెడల్పు, ఎత్తు, పొడవు మూడూ మీటర్లలో టేపుతో కొలిచి గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 0.785తో గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. ఒక ఘనపు మీటరు 1,000 లీటర్లు. 1.8 మీటర్ల వెడల్పు, 1.2 ఎత్తు, 3.5 పొడవు ఉన్న ట్యాంకు దాదాపు 5,930 లీటర్లు పడుతుంది, అంటే 6,000 అని రాసుకున్నా తప్పులేదు. అదే 1.65 వెడల్పు, 1.15 ఎత్తు, 3.3 పొడవైతే 4,900 మాత్రమే. రెండూ పక్కపక్కన నిలబడితే కంటికి తేడా దొరకదు. రెండింటి మీదా ఒకే అంకె రాసుంటే ఎవరు కనిపెడతారు?

సరైన బండి కూడా నిండుగా రాకపోవచ్చు. బోరు దగ్గర వరుసలో బండ్లు ఆగి ఉంటే నీళ్లు మూత దాకా రాకముందే గొట్టం తీసేస్తారు. పైన చెప్పిన 1.2 మీటర్ల ట్యాంకులో పైన 15 సెంటీమీటర్లు వెలితి ఉంటే 430 లీటర్ల వరకు తగ్గినట్టే. మూత వదులైతే గుంతల రోడ్డు మీద ఇంకొంత ఒలికిపోతుంది. నీళ్లు వదిలే వాల్వు వెనక ఉంటుంది కాబట్టి బండి ముందు చక్రాలు పల్లంలో ఆగితే ట్యాంకు ముందు భాగంలో నీళ్లు మిగిలిపోతాయి, డ్రైవరు గొట్టం చుట్టుకుని వెళ్లిపోతాడు. అందుకని దించే ముందు మూత తీయించి చూడాలి, దించాక లోపల టార్చి వేయించి మరోసారి చూడాలి. రెండూ కలిపి రెండు నిమిషాల పని.

అన్నిటికన్నా నమ్మకమైన కొలత నేలలో కట్టుకున్న మన నీటి తొట్టి, అంటే సంపే. సంపు లోపలి పొడవు వెడల్పులు అడుగుల్లో రాసిపెట్టుకోండి, మధ్యలో స్తంభాలుంటే వాటి చోటు తీసేయండి. ఒక ఘనపుటడుగు 28.3 లీటర్లు. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న సంపులో నీళ్లు ఒక్క అంగుళం లేస్తే 189 లీటర్లు వచ్చినట్టు. 6,000 లీటర్లు పూర్తిగా పడితే మట్టం 32 అంగుళాలకు ఓ పిసరు తక్కువగా లేవాలి. 27 అంగుళాలే లేచిందంటే 5,100 లీటర్లు వచ్చాయి, 900 రాలేదు.

కొలవడానికి పొడిగా ఉన్న పొడవాటి చెక్క బద్ద చాలు. దానికి రంగు సుద్ద రుద్ది మూత దగ్గర ఒకే చోట నిటారుగా అడుగు తగిలేదాకా దించి పైకి తీస్తే, తడిసిన చోట సుద్ద కరిగి గీత తేటగా కనిపిస్తుంది. ట్యాంకరు గొట్టం పెట్టక ముందు ఒకసారి, పూర్తిగా దించాక నీళ్లు నిలకడ పడ్డాక ఒకసారి చూడాలి. సంపులోకి మాత్రం ఎవరినీ దింపకండి. మూసి ఉన్న సంపులో గాలి ఆడక మనుషులు చనిపోతారు. బయటి నుంచే కొలవాలి.

ఇందులో లెక్క తప్పేది సాధారణంగా మూడు చోట్ల. మొదటిది, దించుతుండగా పైకి ఎక్కించే మోటారు నడుస్తూ ఉండటం. పది నిమిషాల్లో కొన్ని వందల లీటర్లు పైట్యాంకుకు వెళ్లిపోతాయి, ట్యాంకరువాడి తప్పు లేకపోయినా వాడి మీద పడుతుంది. రెండోది, ఆ సమయంలోనే సంపులోకి కావేరి కుళాయి నీళ్లు వస్తూ ఉండటం. అప్పుడు ట్యాంకరు వెలితి మనకు కనిపించదు. మూడోది అడుగు వాలు. ఖాళీ సంపులో మొదలుపెట్టి కొలిస్తే మొదటి కొన్ని అంగుళాలు లెక్కకు రావు, కాబట్టి అడుగంతా మునిగే నీళ్లు ఉండగానే ట్యాంకరు పిలిపించాలి.

పెద్ద అపార్టుమెంట్లు సంపు ముఖాన మీటరు పెట్టించుకుంటున్నాయి. అది మంచిదే, కానీ పెట్టే తీరు ముఖ్యం. నీళ్లు తమంతట తాము జారి వచ్చేటప్పుడు గొట్టం సగమే నిండుతుంది, గాలి కూడా చక్రాన్ని తిప్పుతుంది, మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మీటరున్న చోట గొట్టాన్ని కిందికి వంచి మళ్లీ పైకి లేపితే అక్కడ ఎప్పుడూ నీళ్లు నిండుగా ఉంటాయి. ముందు జల్లెడ లేకపోతే బోరు ఇసుకకు మీటరు త్వరగా పాడవుతుంది.

నీటి నాణ్యత గురించి ఒక్క మాట. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం. దాన్ని కొలిచే టీడీఎస్ పెన్ను ఉప్పదనాన్నే చెబుతుంది, సూక్ష్మక్రిముల గురించి ఏమీ చెప్పదు. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 2,000 వరకు ఒప్పుకుంటారు. కావేరి అని చెప్పి బోరు నీళ్లు పోస్తే మాత్రం ఆ పెన్ను పట్టిచ్చేస్తుంది. ఈ-కొలి అనే సూక్ష్మక్రిమి ఉందో లేదో తెలియాలంటే ప్రయోగశాలకు పంపాల్సిందే.

డ్రైవరుతో తగువు పెట్టుకుని లాభం లేదు, బండి సైజు అతను నిర్ణయించలేదు. యజమాని దగ్గర బిల్లు అడగండి: తేదీ, బండి నంబరు, లీటర్లు, మొత్తం. మట్టం గీత ఫోటో, టేపు కొలతలు, ఆ బిల్లు ఈ మూడూ ఉంటే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు రాయవచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల చట్టం కింద మనం ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ల లోపు కేసు వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మూడు నాలుగు ట్యాంకర్ల కొలతలు వరుసగా రాసి ఉంచితే ఫిర్యాదుకు బలం వస్తుంది.

2024 అక్టోబరు 16న కావేరి నీటి పథకం ఐదో దశ ప్రారంభమైంది. రోజుకు 775 మిలియన్ లీటర్లు, నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం. కానీ పైపు ప్రతి గడప దాకా చేరేవరకు ట్యాంకరు తప్పదు. నగర పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు, ఈ సంగతి చెప్పుకోవడానికి వార్డులో కార్పొరేటరు లేడు. ఇప్పుడు నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. ఓటు అడగడానికి ఎవరు వచ్చినా మనం అడగవలసినవి ఇవి: రిజిస్టరు చేసే ప్రతి ట్యాంకరునూ తూనికలు కొలతల శాఖ కొలవాలి. పెయింటు అంకె బదులు ట్యాంకుకు ముద్ర వేసిన రేకు బిగించాలి. మూత లోపల నిండు మట్టానికి వెల్డింగు గుర్తు పెట్టాలి. ఏటా మళ్లీ తనిఖీ చేయాలి. ధరల పట్టికలో బండి సైజుకు కాకుండా వెయ్యి లీటర్లకు ఇంత అని రాయాలి.

ఒక పాఠకుడు,
మహదేవపుర, బెంగళూరు