‘స్ట్రీట్ ప్లస్ ట్రాక్’ కిట్‌పై ఫిర్యాదు: రోడ్డుకు పనికిరాని టైరు, చక్రాన్ని పట్టేసే డిస్కులు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కిట్ వాపసు, పూర్తి సొమ్ము తిరిగి చెల్లింపు, మీ వెబ్‌సైట్‌లో ఆ కిట్ పేజీని సరిదిద్దడం గురించి.

అయ్యా/అమ్మా,

మీ సంస్థ అమ్ముతున్న ‘స్ట్రీట్ ప్లస్ ట్రాక్’ కిట్‌ను నేను కొన్నాను. ముందు, వెనక టైర్లు, ముందు చక్రానికి రెండు బ్రేక్ డిస్కులు, వాటికి సరిపడే ప్యాడ్లు అందులో ఉంటాయని మీ పేజీలో ఉంది. ఆర్డర్ పెట్టేటప్పుడు బైక్ మోడల్, తయారైన సంవత్సరం, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసేది) ఉందా లేదా, బండిని ఎక్కువగా ఎక్కడ నడుపుతాను అన్నవన్నీ మీ ఫారం అడిగింది. ఎక్కువగా రోడ్డు మీద, అప్పుడప్పుడు ట్రాక్ డేకి (రేస్ ట్రాక్ మీద సొంత బండి నడుపుకునే రోజుకి) అని స్పష్టంగా నింపాను. అవన్నీ చూసుకునే మీ సిస్టమ్ ‘మీ బైక్‌కు కచ్చితంగా సరిపోతుంది’ అంటూ ఆకుపచ్చ టిక్కు పెట్టింది. తీరా వచ్చిన సామాను చూస్తే, ఆ టిక్కు దేన్ని చూసి పెట్టారో అర్థం కాలేదు.

మొదట వెనక టైరు సంగతి. నా బైక్‌కు ఉండాల్సిన సైజు 180/55 జెడ్ఆర్17. మీరు పంపింది 180/60. ఐదే కదా తేడా అని మీ చాట్‌లో ఒకరు తేలిగ్గా తీసిపారేశారు. ఆ రెండో అంకె మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో శాతం. 180లో 55 శాతం అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు 99 మిల్లీమీటర్లు, 60 శాతం అంటే 108. పైనా కిందా కలిపి టైరు వ్యాసం 18 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే దాదాపు 3 శాతం. బండి వెనక భాగం 9 మిల్లీమీటర్లు లేస్తుంది, ముందు ఫోర్కు ఆ మేరకు నిటారు అవుతుంది, హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. కొందరు రేసర్లు సరిగ్గా దీనికోసమే 5.5 అంగుళాల రిమ్‌కు 180/60 వేసుకుంటారని నాకు తెలుసు. కాకపోతే వాళ్లు సస్పెన్షన్ ఎత్తు, చైన్ పొడవు, టైరుకూ స్వింగార్మ్‌కూ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రానికీ) మధ్య ఖాళీ అన్నీ సరిచూసుకుని వేస్తారు. ముందు చక్రం, వెనక చక్రం ఎంత వేగంతో తిరుగుతున్నాయో పోల్చి చూసుకునే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారకుండా ఇంజన్ శక్తిని తగ్గించేది) ఉన్న బండికి ఒక్క వెనక టైరు మాత్రమే పెద్దది అమ్ముతూ, ఆ మాట ఒక్క లైనులోనైనా చెప్పకపోవడం ఏం పద్ధతి?

సైజుకన్నా పెద్ద సమస్య ఇంకొకటి ఉంది. ఆ టైరు సైడ్‌వాల్ మీద ఎన్‌హెచ్‌ఎస్ అని ముద్ర ఉంది. రహదారి మీద వాడొద్దని తయారీదారే వేసిన ముద్ర అది. బిగించే ముందు మా మెకానిక్ దాన్ని చూసి ఆపబట్టి సరిపోయింది. మీ పేజీలో ఈ ముద్ర కనిపించే ఫొటో లేదు, ఆ మాట ఎక్కడా రాయలేదు, పైగా పేరులో మాత్రం ‘స్ట్రీట్’ అన్న పదమే ముందుంది.

రేస్ కాంపౌండ్ (రేస్ టైరు రబ్బరు మిశ్రమం) మెత్తగా ఉంటుంది కాబట్టి ఎక్కడైనా ఎక్కువ గ్రిప్ ఇస్తుందని మీ ప్రకటన చెబుతోంది. ఇది నిజం కాదు. ఆ రబ్బరు వేడెక్కితేనే పట్టు ఇస్తుంది. అందుకే ట్రాక్ మీద టైర్ వార్మర్లు చుట్టి, దాదాపు 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి బండిని బయటికి వదులుతారు. ఆ తర్వాత గట్టి బ్రేకులు, పూర్తి థ్రాటిల్, లోతైన వాలు ఆ వేడిని నిలబెడతాయి. రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగి, లారీ వెనక నెమ్మదిగా కదిలి, మళ్లీ ఆగే బండిలో ఆ వేడి పుట్టదు. చల్లగా ఉన్న రేస్ టైరుతో తడి మలుపులోకి వెళ్తే, గాడులున్న మామూలు రోడ్డు టైరే దానికన్నా ఎంతో నమ్మకంగా ఉంటుంది. దీనికి తోడు రేస్ టైరు వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంత పట్టు కోల్పోతుంది. రోజువారీ రాకపోకలతో ఆ ఆయుష్షును కరిగించుకోమని ఎవరూ సలహా ఇవ్వరు.

మీ సలహాదారు మాత్రం ఇచ్చారు. ‘టైరు వేడెక్కడం లేదంటే రోడ్డు మీద గాలి 26 పీఎస్ఐకి తగ్గించి నడపండి’ అని చాట్‌లో రాశారు. ఆ సంభాషణ స్క్రీన్‌షాట్ జతచేశాను, దయచేసి మీ సాంకేతిక విభాగంలో ఎవరితోనైనా చదివించండి. నా బైక్ మాన్యువల్‌లో రోడ్డుకు చల్లటి టైరులో ముందు 36, వెనక 42 పీఎస్ఐ అని ఉంది. ట్రాక్ మీద గాలి తగ్గించేది టైరు తయారీదారు ఇచ్చిన లెక్క ప్రకారం. టైరు బాగా కాగాక లోపలి గాలి వ్యాకోచించి ఎక్కడికి చేరుతుందో చూసి, ల్యాపుల నుంచి రాగానే మళ్లీ కొలిచి సర్దుకుంటారు. సామానుతోనో, వెనక మనిషితోనో, గంటల తరబడి రోడ్డు మీద నడిపే బండికి ఆ లెక్క వర్తించదు. సైడ్‌వాల్ మీద 73 అన్న లోడ్ ఇండెక్స్ ఉంటే ఆ టైరు 365 కిలోల దాకా మోయగలదని అర్థం, అదీ తగినంత గాలి ఉంటేనే. గాలి తగ్గితే టైరు లోపలి కట్టు అతిగా వంగి లోపల్లోపలే కాలుతుంది, రోడ్డును తాకే రబ్బరుకు మాత్రం మీరు ఆశించిన పట్టు రాదు. ఇలాంటి సలహా మీ సంస్థ పేరుతో ఇంకెంతమందికి వెళ్లిందో తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

ముందు టైరు సైజు సరైనదే, రోడ్డుకు అనుమతి ఉన్నదే. కాకపోతే దాని మీద తయారీ అంకె 0919, వెనకదాని మీద 3622. ఒకటి 2019లో 9వ వారంలో తయారైంది, ఇంకొకటి 2022లో 36వ వారంలో. ‘తాజా స్టాక్, జతగా’ అన్న ప్రకటనకు ఇది ఎలా సరిపోతుందో మీరే చెప్పాలి.

ఇక డిస్కులు. నా బైక్‌కు కంపెనీ ఇచ్చిన డిస్కు 310 మిల్లీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల మందం. 4.5కు అరిగితే మార్చాలని దాని మీదే చెక్కి ఉంటుంది. ‘ఉన్నవి తీసేసి నేరుగా బిగించుకోవచ్చు’ అని మీరు అమ్మిన డిస్కులను మైక్రోమీటరుతో కొలిస్తే మందం 6 వచ్చింది. వ్యాసం సరిగ్గానే ఉంది. ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్‌లోని పిస్టన్లను పూర్తిగా లోపలికి నెట్టి, మీ కిట్‌లోని కొత్త ప్యాడ్లు వేసి చూస్తే చక్రం చేత్తో తిప్పినా తిరగదు. నా కాలిపర్‌కు 5 మిల్లీమీటర్ల డిస్కు, రెండు కొత్త ప్యాడ్లు పట్టేంత చోటే ఉంది మరి.

మందపాటి డిస్కులు ఎందుకుంటాయో నాకు తెలియక కాదు ఈ ఫిర్యాదు. ల్యాపు తర్వాత ల్యాపు భారీ వేగం నుంచి బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడిని దాచుకోవడానికి ఎక్కువ ఇనుము కావాలి. కాలిపర్‌లో అందుకు చోటున్న రేస్ బండికి అవి మంచివే. రోడ్డు బండికి వాటి వల్ల మిగిలేది అదనపు బరువు. అది చక్రంతో పాటు తిరిగే బరువు కాబట్టి బండిని ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వాల్చేటప్పుడు చేతులకు తెలుస్తుంది.

దీనికి మీ జవాబు: ‘కొంచెం దూరం నడపండి, ప్యాడ్లు అరిగి సర్దుకుంటాయి.’ మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఈ వాక్యమే. ప్యాడ్లు డిస్కును వదలకుండా రాసుకుంటుంటే బ్రేకు నొక్కకపోయినా వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడి పిస్టన్ల గుండా బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, నీటి తేమ పీల్చుకున్నాక అది 155 డిగ్రీలకు పడిపోతుంది. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి. నొక్కితే ఆ బుడగలు కుదించుకుపోతాయే తప్ప పిస్టన్లను నెట్టవు, లీవర్ నేరుగా గ్రిప్పుకు తగులుతుంది. ముందు బ్రేకు లేని బండిని నడిరోడ్డు మీద ఎవరు ఆపాలి, మీ చాట్ సలహాదారా?

డిస్కుల మీద కనీస మందం కూడా చెక్కలేదు. ఎప్పుడు మార్చాలో కొన్నవాడు ఊహించుకోవాలి కాబోలు. పెట్టె మీద మాత్రం ‘మోటోజీపీ టెక్నాలజీ’ అని పెద్ద అక్షరాలున్నాయి. మోటోజీపీ అంటే రేసు కోసమే తయారైన బైకుల ప్రపంచ పోటీ. పొడి ట్రాక్ మీద ఆ బళ్లు వాడేది కార్బన్ డిస్కులు. మీరు పంపినవి స్టీలువి, అదే నయం, ఎందుకంటే చల్లగా ఉన్న కార్బన్ సరిగ్గా పట్టుకోదు. ప్రొడక్షన్ బైకులతో నడిచే వరల్డ్ సూపర్‌బైక్‌లో వాడేది కూడా స్టీలు డిస్కులే. స్టీలును స్టీలు అని అమ్మడానికి ఇబ్బంది ఏమిటో తెలియదు.

ఒక విషయంలో మీ తప్పు లేదని కూడా రాస్తున్నాను. బండిని నెట్టినప్పుడు డిస్కు నుంచి గలగల శబ్దం వస్తోందని మా మెకానిక్ అనుమానపడ్డాడు. అవి ఫుల్ ఫ్లోటింగ్ డిస్కులు. వేడికి బయటి స్టీలు వలయం లోపలి అల్యూమినియం భాగంతో పేచీ లేకుండా వ్యాకోచించడానికి ఆ రెండింటినీ కలిపే చిన్న పిన్నులైన బాబిన్ల దగ్గర ఆ వదులు ఉండాలి, లేకపోతే డిస్కు వంకర పోతుంది. శబ్దం మీద నాకు ఫిర్యాదు లేదు. రోజూ నడిపేవాడికి మాత్రం, బాబిన్ల దగ్గర స్ప్రింగు వాషర్లుండే సెమీ ఫ్లోటింగ్ రకం చూపించి ఉంటే బాగుండేది.

నేను ఫారంలో నింపిన వాడకానికి ఏం పంపాలో ఈ వ్యాపారంలో ఉన్నవారికి తెలియనిది కాదు: రోడ్డు అనుమతి ఉన్న హైపర్‌స్పోర్ట్ టైర్ల జత, మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తనిది, వెనక 180/55, కంపెనీ మందంతోనే సెమీ ఫ్లోటింగ్ డిస్కులు, చల్లగా ఉన్నప్పుడు కూడా మొదటి నొక్కుకే పట్టే సింటర్డ్ (లోహపు పొడిని వేడితో అదిమి చేసిన) రోడ్డు ప్యాడ్లు. ఒకటి రెండు ల్యాపులు నిదానంగా తిప్పి వేడి చేసుకుంటే అలాంటి టైర్లు నా స్థాయి రైడర్‌కు ట్రాక్ మీద సరిపోతాయి. ఇంకా వేగం కావాలనుకున్న రోజు రెండో సెట్ రిముల మీద రేస్ టైర్లు పెట్టుకోవడమే దారి. రెండు పనులూ సమానంగా చేసే రేస్ టైరు ఉందని చెప్పి అమ్మడం సరికాదు.

వాపసుకు మీరు చెప్పిన అభ్యంతరం, టైరు ప్యాకింగ్ విప్పేశారని, డిస్కులు ఒకసారి బిగించారని. ప్యాకింగ్ విప్పకుండా ఎన్‌హెచ్‌ఎస్ ముద్ర కనబడదు, బిగించకుండా చక్రం తిరగదని తెలియదు. టైరు రిమ్ ఎక్కలేదు. డిస్కుల మీద ఒక్క కిలోమీటరు కూడా నడవలేదు, ఫొటోల్లో ప్యాడ్ గీత సైతం కనిపించదు.

కాబట్టి కిట్ మొత్తం వెనక్కి తీసుకుని, రవాణా ఖర్చుతో సహా పూర్తి సొమ్ము చెల్లించండి. బదులుగా ఇంకో కిట్ నాకు వద్దు. టైరు సైజు, రోడ్డు అనుమతి, తయారీ వారం, డిస్కు మందం, ఏ కాలిపర్లకు సరిపోతుంది అన్న వివరాలు పేజీలో పెట్టేదాకా ఆ కిట్ అమ్మకం ఆపండి. గాలి తగ్గించమని, పట్టేస్తున్న బ్రేకుతో నడపమని ఇచ్చిన సలహాలు తప్పని, అవి అందుకున్న కొనుగోలుదారులందరికీ లిఖితపూర్వకంగా తెలపండి.

ఆర్డర్ రసీదు, సైడ్‌వాల్ ఫొటోలు, మైక్రోమీటరు కొలతల ఫొటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు జతచేశాను. సామాను ప్యాక్ చేసి ఉంచాను. తీసుకెళ్లడానికి ఎవరిని, ఏ తేదీన పంపుతున్నారో ఈమెయిల్‌లో రాయండి. ఫోన్ ద్వారా ఇచ్చే హామీలను జవాబుగా తీసుకోను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు