విడుదల వేరు, శిక్ష రద్దు వేరు

సంపాదకుడు గారికి,

సోవియట్ కాలంలో జైలుపాలైన రచయితల గురించి సాహిత్య పేజీల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకచోటే ఆగిపోతాయి: స్టాలిన్ పోయాడు, 1956లో విడుదలయ్యారు. బెలారుసియన్ కవయిత్రి లారిసా హెనియుష్ జీవితాన్ని అక్కడే ఆపేస్తే ఆమెకు జరిగిన అన్యాయంలో సగం మరుగున పడిపోతుంది.

1910లో గ్రోద్నో ప్రాంతంలో పుట్టిన హెనియుష్, పెళ్లయ్యాక 1937లో చెకోస్లోవాకియా రాజధాని ప్రాగ్ చేరారు. భర్త యాంకా అక్కడే వైద్యం చదివారు. 1918లో స్వతంత్ర రాజ్యంగా ప్రకటించిన బెలారుసియన్ ప్రజా గణతంత్రపు ప్రవాస నాయకత్వం ఆ ఊళ్లోనే ఉండేది. దాని అధ్యక్షుడు వాసిల్ జహార్కా 1943లో చనిపోయే ముందు ఆ గణతంత్రపు దస్తావేజులను ఆమె చేతిలో పెట్టారు. తర్వాత అంతా ఆ కాగితాల చుట్టూనే తిరిగింది. 1947లో తీసుకున్న చెకోస్లోవాక్ పౌరసత్వం ఆమెను కాపాడలేకపోయింది. అక్కడ కమ్యూనిస్టులు అధికారం చేపట్టిన కొద్ది రోజులకే, 1948 మార్చిలో, దంపతులిద్దరినీ అరెస్టు చేసి సోవియట్లకు అప్పగించారు. బెలారుస్ రాజధాని మిన్స్క్‌లో సోవియట్ బెలారుస్ భద్రతా మంత్రి త్సనావాయే ఆమెను విచారించాడు. దస్తావేజులు ఎక్కడ దాచావన్నదే ప్రధాన ప్రశ్న. 1949లో ఇద్దరికీ చెరో 25 ఏళ్ల శిక్ష వేశారు.

ఉత్తర రష్యాలోని కోమి ప్రాంతపు ఇంతా, అబెజ్ ఖైదీల శిబిరాల్లోనూ, తర్వాత రష్యాలోనే ఉన్న మొర్దోవియా శిబిరాల్లోనూ ఆమె కవిత్వం ఆపలేదు. రాసిన కాగితం దొరికితే ప్రమాదం కాబట్టి, ఆమె చెప్పిన కవితలను తోటి ఖైదీలు కంఠస్థం చేసుకునేవారు. ఇవాళ మనకు ఆ కవితలున్నాయంటే ఆ ఆడవాళ్ల జ్ఞాపకశక్తికి కూడా రుణపడాలి.

1956లో జరిగింది కేవలం శిక్ష తగ్గింపు. 25 ఏళ్లను 8కి కుదించారు, ఆ 8 అప్పటికే గడిచాయి గనుక వదిలేశారు. నేరం రుజువైందన్న తీర్పు మాత్రం చెక్కుచెదరలేదు. భర్త సొంతూరు జెల్వాలో స్థిరపడిన ఆమె సోవియట్ పౌరసత్వం వద్దన్నారు. అందుకని 1983లో చనిపోయేదాకా ఏ దేశానికీ చెందని మనిషిగానే బతికారు. కవి మక్సీమ్ తాంక్ పూనుకోవడంతో 1967లో మిన్స్క్‌లో ఒక సంపుటి వచ్చింది. ఆత్మకథ ‘స్పోవెద్జ్’ మాత్రం ఆమె పోయాకే అచ్చయింది.

ఆమె మీద ఉన్న అభ్యంతరాన్నీ దాచకూడదు. యుద్ధకాలంలో నాజీల బెర్లిన్ నుంచి వెలువడిన బెలారుసియన్ పత్రిక ‘రనిత్సా’లో ఆమె కవితలు వచ్చాయి. అక్కడ అచ్చుకివ్వడాన్ని విమర్శించవచ్చు, విమర్శించాలి కూడా. అది 25 ఏళ్ల కఠిన శిబిరవాసానికి తగిన నేరమని మాత్రం నేను ఒప్పుకోను. సోవియట్ రాజ్యం పోయాక కూడా ఆ శిక్ష రద్దు కాలేదు. 1999లో కేసు మళ్లీ పైకి వచ్చినా బెలారుస్ అధికారులు తిరస్కరించారు.

విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికిన మాస్కో తెలుగు పుస్తకాలు మన ఇళ్లలో చదివే అలవాటు పెంచాయి. ఆ మేలు చిన్నది కాదు. అయితే ఇలాంటి కవులకు వాటిలో చోటుండేది కాదు. ఆ లోటు పత్రికలే తీర్చాలి. ఇకపై ఇలాంటి జీవితాలను ప్రచురించేటప్పుడు అభియోగం ఏమిటో, శిక్ష ఎంతో, చివరికి దాన్ని తగ్గించారో రద్దు చేశారో తప్పక రాయించండి. హెనియుష్ శిబిర కవితలు రెండు మూడైనా, రష్యన్ మీదుగా కాకుండా బెలారుసియన్ తెలిసినవారి సాయంతో తెలుగు చేయించి మీ ఆదివారం సంచికలో వేయమని మనవి.

– ఒక పాఠకురాలు, గుంటూరు