మిల్వాకీలో అర్ధరాత్రి లెక్కింపు

ప్రియమైన సుధాకర్‌కు,

"మీ ఊళ్లో అర్ధరాత్రి ఓట్లు ఎక్కడినుంచి ఊడిపడ్డాయిరా?" అని నువ్వు అడిగినప్పుడు ఫోనులో సరిగ్గా చెప్పలేకపోయాను కనుక, తీరికగా రాస్తున్నాను.

మా విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఈ మిల్వాకీ నగరం ఎటు మొగ్గుతుందన్నది ఇక్కడ పసిపిల్లవాడినడిగినా చెబుతాడు. 2020 అధ్యక్ష ఎన్నికల్లో నగరంలో నూటికి దాదాపు 79 ఓట్లు డెమొక్రాట్ల అభ్యర్థి బైడెన్‌కే పడ్డాయి. అయితే ఈ ఊరి పాత చరిత్ర అంతకంటే విచిత్రమైనది. జర్మన్ వలస కుటుంబాల అండతో 1910లో ఎమిల్ సైడెల్ అనే సోషలిస్టు మేయరయ్యాడు; తర్వాత డేనియల్ హోన్ 1916 నుంచి 1940 దాకా, ఫ్రాంక్ జైడ్లర్ 1948 నుంచి 1960 దాకా అదే పార్టీ తరఫున ఊరిని ఏలారు. వాళ్లు విప్లవాన్ని పక్కనపెట్టి కాలువలు, మంచినీళ్లు, పార్కుల గొడవలోనే మునిగి ఉండేవారని 'మురుగుకాలువ సోషలిస్టులు' అని వెక్కిరించేవారు. అలాంటి వెక్కిరింత మన మునిసిపాలిటీకి ఎప్పుడు దక్కుతుందో!

ఇప్పుడు ఉత్తరం వైపు నల్లజాతివారి పేటలు, దక్షిణం వైపు స్పానిష్ మాట్లాడేవారి పేటలు డెమొక్రాట్లకు పెట్టనికోటలు. ఊరు దాటి వాకషా, ఓజాకీ, వాషింగ్టన్ కౌంటీల్లోకి వెళితే గాలి రిపబ్లికన్ల వైపు తిరుగుతుంది. అందువల్ల ఇక్కడ అసలు ప్రశ్న ఎవరికి వేస్తారని కాదు, ఎంతమంది గడప దాటి వస్తారని. 2016లో నగరంలో పోలైన ఓట్లు 2012 కంటే సుమారు 41,000 తగ్గాయి. ట్రంప్ రాష్ట్రాన్ని గెలిచింది 23,000 లోపు తేడాతోనే. తమకు ఓట్లు రాలని ఈ ఊళ్లోనే రిపబ్లికన్లు 2024 జూలైలో మహాసభ పెట్టుకున్నది కూడా రాష్ట్రం మీద కన్నుతోనే. మన ఉషా చిలుకూరి, ఉపాధ్యక్ష అభ్యర్థి అయిన తన భర్త వాన్స్‌ను సభకు పరిచయం చేసింది ఆ వేదిక మీదే.

ఇక నీ ప్రశ్న. ముందుగా పంపిన ఓట్ల కవర్లను పోలింగ్ రోజు ఉదయానికి ముందు విప్పడానికి ఈ రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. నగరం వాటన్నిటినీ ఒకేచోట చేర్చి లెక్కిస్తుంది కాబట్టి, చిన్న ఊళ్ల ఫలితాలు రాత్రికే వచ్చేసినా మిల్వాకీ గుట్ట మాత్రం నడిరాత్రి దాటాక ఒక్కసారిగా వచ్చిపడుతుంది. అవి డెమొక్రాట్ల కోట ఓట్లు గనుక ఆధిక్యం తలకిందులైనట్టు కనిపిస్తుంది. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు.

నేను మొదటిసారి ఓటేసినప్పుడు కాగితం మీద గుండ్రాన్ని పెన్నుతో నింపి, యంత్రంలోకి జార్చి, అలవాటుకొద్దీ ఎడమ చూపుడు వేలు చాచాను. అక్కడి పెద్దావిడ తికమకపడి, ఆ వేలి మీదే 'నేను ఓటేశాను' అన్న స్టిక్కరు ఒకటి అంటించింది!

నీ
రఘు